వెడ్జ్ కొనేముందు దాన్ని తిరగేసి చూడండి

(ఆట మొదలుపెట్టి కొంతకాలమైన గోల్ఫ్ ఆటగాళ్ళ కోసం చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి వీలుగా రికార్డింగ్ విని రాశాం.)

నమస్కారమండీ. వెనక వరుసలో ఉన్నవాళ్ళకు వినిపిస్తోందా? మంచిది.

నన్ను ఎక్కువమంది అడిగేది దూరం కొట్టే డ్రైవర్ గురించి కాదు, బంతిని గుంటలోకి దొర్లించే పట్టర్ గురించి అంతకన్నా కాదు. "వెడ్జ్ కొనాలండీ, కొత్తది తీసుకోమంటారా, సెకండ్ హ్యాండ్‌ది చాలా?" ఇదే అడుగుతారు. వెడ్జ్ అంటే దగ్గరి దూరాలకు బంతిని ఎత్తుగా లేపి కొట్టే క్లబ్. ఒక్క ముక్కలో తేల్చి చెప్పమంటారు. నేను తేల్చను. ఎందుకంటే ఆ ప్రశ్నకు ముందు ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. మీకు ఎంత బౌన్స్, అంటే క్లబ్ అడుగున ఎంత కోణం, నప్పుతుంది? మీరు ఆడేది ఏ బంతి? ఇవి తెలియకుండా కొత్తది కొనమన్నా తప్పే, పాతది చాలన్నా తప్పే. ఈ రెండింటికీ ఎవరి జవాబు వాళ్ళు చెప్పుకోగలిగితే, కొత్తదా పాతదా అన్నది దానంతటదే తేలుతుంది. ఇవాళ ఆ పని చేద్దాం.

ముందు ఒక్క విషయం. బ్యాగులో పద్నాలుగు క్లబ్బులుంటాయి, అంతకు మించి నియమం ఒప్పుకోదు. మరి వాటిలో ఒక్క వెడ్జ్ గురించే కొత్తదా పాతదా అని ఇంత తర్జనభర్జన ఎందుకు? ఐదేళ్ళ నాటి డ్రైవర్ పగుళ్ళు లేకపోతే చక్కగా పనిచేస్తుంది. పట్టర్ సంగతి చెప్పనక్కర్లేదు, ఇరవై ఏళ్ళనాటిది వాడేవాళ్ళు మన మధ్యే ఉన్నారు. వెడ్జ్ అలా కాదు. వెడ్జ్ అరిగిపోతుంది. వాడుతున్నకొద్దీ తన పని తాను చేయలేని స్థితికి వస్తుంది.

దేనివల్ల అరుగుతుంది? బంతి తగలడం వల్లనా? కొంతవరకు. అసలు శత్రువు ఇసుక. బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, కొట్టే ప్రతి షాట్‌లోనూ ఇసుక ఫేస్ మీదుగా, అంటే బంతికి తగిలే ముఖం మీదుగా, రాసుకుంటూ పోతుంది. ఆ ఇసుకలో ఎక్కువభాగం క్వార్ట్జ్. వెడ్జ్‌లు తయారుచేసే మెత్తటి కార్బన్ స్టీల్ కంటే క్వార్ట్జ్ చాలా గట్టిది. ఏది దేన్ని అరగదీస్తుందో మీకే అర్థమవుతుంది. పొట్టిగా కత్తిరించిన గడ్డి ఉండే ఫెయిర్‌వే మీద కూడా అంతే, గడ్డి కింద మట్టి ఉంది, మట్టిలో ఇసుక ఉంది.

ఇప్పుడు ఈ వెడ్జ్ చూడండి. అందరూ ఫేస్ చూస్తారు. దుకాణంలో చేతికి తీసుకోగానే ఫేస్ మీద వేలు పెట్టి రాస్తారు. నేను మిమ్మల్ని ముందు దీన్ని తిరగేయమంటాను. ఇదిగో, ఇలా. అడుగు పైకి వచ్చింది కదా, ఇది సోల్. వెడ్జ్ మీకు నప్పుతుందా లేదా అన్నది సోల్ చెబుతుంది. ఇంకా ఎంతకాలం పనిచేస్తుందన్నది ఫేస్ చెబుతుంది. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. నప్పడం సోల్‌లో ఉంది, ఆయుష్షు ఫేస్‌లో ఉంది. కొత్తది కొన్నప్పుడు మీరు అదనంగా డబ్బు పోసి కొనేది రెండోదాన్నే. మొదటిది కొత్తదానిలో ఎంత బాగుంటుందో, జాగ్రత్తగా ఎంచుకున్న పాతదానిలోనూ అంత బాగుంటుంది.

సోల్ సంగతి

1932లో ఇంగ్లాండ్‌లోని ప్రిన్సెస్ కోర్సులో ఓపెన్ ఛాంపియన్‌షిప్ గెలిచింది జీన్ సారజెన్. బంకర్ షాట్ల విషయంలో ఆయనకు అంతకుముందు చాలా ఇబ్బంది ఉండేది. అప్పట్లో బంకర్‌లో వాడే నిబ్లిక్ అనే క్లబ్ అంచు పదునుగా ఉండి ఇసుకలోకి దిగబడిపోయేది. ఆయన ఆ క్లబ్బు అడుగున సోల్డర్ కరిగించి పోసి మందం చేశాడు. సోల్ వెనకభాగం ముందు అంచుకంటే కిందికి వచ్చింది. దాంతో క్లబ్ దిగబడకుండా ఇసుకలో జారుకుంటూ బయటికి రావడం మొదలైంది. పోటీకి ముందు ఆ అడుగు ఎవరి కంటా పడకూడదని క్లబ్‌ను బ్యాగులో తలకిందులుగా పెట్టుకునేవాడని చెబుతారు. చూశారా, ఆయన దాచింది ఫేస్ కాదు. సోల్!

సోల్ వెనకభాగం ముందు అంచుకంటే అలా కిందికి దిగి ఉండే కోణాన్నే మనం బౌన్స్ అంటున్నాం. వెడ్జ్ మీద రెండు అంకెలు ఉంటాయి. 56, 10 అని ఉందనుకోండి. 56 లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం. 10 బౌన్స్. రెండూ డిగ్రీల్లోనే. స్థూలంగా 4 నుంచి 6 డిగ్రీలు తక్కువ బౌన్స్, 7 నుంచి 10 మధ్యస్థం, ఆపైన ఎక్కువ. కొందరు బంతి మీదికి నిటారుగా దిగి పెద్ద గడ్డిపెళ్ళ లేపుతారు. వాళ్ళకు ఎక్కువ బౌన్స్ కావాలి, లేకపోతే క్లబ్ నేలలోకి దిగబడి బంతి రెండడుగులు కదిలి ఆగిపోతుంది. ఇంకొందరు గడ్డిని ఊడ్చినట్టు కొడతారు. వాళ్ళకు బౌన్స్ ఎక్కువైతే క్లబ్ నేలకు తగిలి ఎగిరి బంతి నడుముకు కొడుతుంది, బంతి గుంట ఉండే గ్రీన్ దాటి అవతలికి పోతుంది. నేల మెత్తనైతే ఎక్కువ బౌన్స్, గట్టి నేలైతే తక్కువ. ఇసుక పొడిగా, లోతుగా ఉంటే ఎక్కువ, పలచగా గట్టిగా ఉంటే తక్కువ.

ఇక గ్రైండ్ అని ఒకటుంది. సోల్ మడమవైపూ (కడ్డీ కలిసే వైపు) వెనకవైపూ కొంత లోహాన్ని తీసేసి ఆకారం ఇస్తారు. ఫేస్ తెరిచిపెట్టి, అంటే ఇంకా పైకి చూసేలా తిప్పి, కొట్టేవాళ్ళకు అది పనికొస్తుంది. ఫేస్ తెరవనివాళ్ళకు దాని అవసరం అంతగా లేదు.

ఇప్పుడు చెప్పండి. మీరు దిగేవాళ్ళా, ఊడ్చేవాళ్ళా? ఎంతమందికి ఖాయంగా తెలుసు? చేతులెత్తండి. చూశారా, చాలా తక్కువ.

తెలుసుకోవడానికి దుకాణంలో కొట్టి చూస్తే చాలదా అంటారు. చాలదు. అక్కడ ఉండేది చాప. చాప మీద క్లబ్ ఎక్కడ తగిలినా జారుకుంటూ బంతి దగ్గరికి వెళ్ళిపోతుంది. బంతికి రెండంగుళాల వెనక నేలను కొట్టినా చాప మిమ్మల్ని కాపాడుతుంది. అక్కడ ఏ బౌన్స్ అయినా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. సోల్ నిజం చెప్పేది గడ్డి మీద, ఇసుకలో. అదీ ఒక్క రోజులో చెప్పదు. వానకు తడిసిన నేల మీద ఒకలా, ఎండకు బిగుసుకున్న నేల మీద ఇంకోలా ఉంటుంది.

అందుకే నేననేది, మీ సోల్ ఏదో మీకింకా తెలియకపోతే సెకండ్ హ్యాండ్ కొనండి. నిస్సంకోచంగా కొనండి. 8 డిగ్రీలది ఒకటి, 12 డిగ్రీలది ఒకటి, ఒకే లాఫ్ట్‌లో. రెండింటితోనూ ఆడండి. ఒక సీజన్ గడిచేసరికి మీ చెయ్యి దేనిమీదికి పోతోందో మీకే తెలిసిపోతుంది. రెండోదాన్ని అమ్మేయండి. పాతది కొన్న వెడ్జ్‌ను మళ్ళీ అమ్మితే పోయేది కొంచెమే. కొత్తది కొని నప్పక అమ్మితే పోయేది ఎక్కువ. ఫేస్ కాస్త అరిగి ఉన్నా ఈ పరీక్షకు అడ్డం రాదు, ఎందుకంటే మీరు పరీక్షిస్తున్నది సోల్‌ని.

ఫేస్ సంగతి

ఇప్పుడు ఫేస్ దగ్గరికి వద్దాం. ఫేస్ మీద గీతలుంటాయి, గ్రూవ్‌లు. ఇవి బంతిని గీకి తిప్పుతాయని చాలామంది అనుకుంటారు. గ్రూవ్‌ల అసలు పని నీటినీ గడ్డి పసరునూ తప్పించడం. వానలో నడిచే బండి టైరు గీతలు నీటిని పక్కకు పంపించినట్టే. బంతికీ ఫేస్‌కీ మధ్య తడి లేకపోతే ఉక్కు నేరుగా బంతి పైపొరను పట్టుకుంటుంది. ఆ పట్టుకు గ్రూవ్ అంచులూ, గ్రూవ్‌ల మధ్య ఉండే సన్నటి గరుకూ సాయం చేస్తాయి.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? పొడి ఫెయిర్‌వే మీద శుభ్రంగా ఉన్న బంతిని కొడితే, అరిగిన వెడ్జ్ కూడా ఓ మాదిరిగా స్పిన్, అంటే బంతిని పడ్డచోట ఆపే వెనక్కి తిరుగుడు, ఇస్తుంది. మీకు పెద్దగా తేడా తెలియకపోవచ్చు. అదే వెడ్జ్‌తో తెల్లవారుజామున మంచు పట్టిన రఫ్‌లోంచి, అంటే పొడవాటి గడ్డిలోంచి, కొట్టండి. బంతి ఫేస్ మీద పైకి జారుతుంది. మామూలుకంటే ఎత్తుగా లేస్తుంది, స్పిన్ తక్కువగా ఉంటుంది, గ్రీన్ మీద పడ్డాక ఆగదు. చాలామంది ఆ ఎత్తు చూసి "బాగా లేచింది, మెత్తగా పడుతుంది" అని సంబరపడతారు. తర్వాత బంతి దొర్లుకుంటూ పోతూ ఉంటే తామే ఏదో తప్పు కొట్టామనుకుంటారు. తప్పు వాళ్ళది కాదండీ, అరిగిపోయిన ఫేస్‌ది. ఎత్తుగా లేచి ఆగకుండా పోతోందంటే ముందు ఫేస్ చూసుకోండి.

ఆ గ్రూవ్ ఎంత లోతుంటుందో తెలుసా? నియమం ప్రకారం 0.020 అంగుళానికి మించకూడదు. అంటే అర మిల్లీమీటరు. వెడల్పు 0.035 అంగుళం, ఒక మిల్లీమీటరు కూడా లేదు. 2010 నుంచి వచ్చిన నియమంలో అంచు కూడా మరీ పదునుగా ఉండకూడదు, కనీసం 0.010 అంగుళం వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. అంటే కొత్త వెడ్జ్ అంచే కొంచెం మొద్దుగా మొదలవుతుంది. అందులో ఇంకొంచెం పోతే మిగిలేది ఎంత? కొత్త వెడ్జ్‌కు మీరు చెల్లించే అదనపు డబ్బంతా ఆ అర మిల్లీమీటరు కోసమే.

ఎన్ని రౌండ్లకు పోతుంది? టైటిలిస్ట్ వోకీ వెడ్జ్‌లు చేసేవాళ్ళు 75 రౌండ్ల దగ్గర మార్చుకోమంటారు. అమ్ముకునేవాళ్ళ మాట కదా అంటారేమో. అమ్ముకునేవాళ్ళే, కాదనను. కానీ వాళ్ళ మాటలో సారం ఉంది. నా దృష్టిలో రౌండ్ల లెక్కకంటే బంకర్ లెక్క, ప్రాక్టీసు లెక్క ముఖ్యం. వారానికోసారి ఆడి, ప్రాక్టీసు అసలు చేయనివాళ్ళ వెడ్జ్ చాలాకాలం నిలుస్తుంది. రోజూ సాయంత్రం బంకర్‌లో దిగి బుట్ట ఖాళీ చేసేవాళ్ళ వెడ్జ్ అందులో సగంకాలం కూడా నిలవదు. కాబట్టి పాతది కొనేటప్పుడు "ఎన్నేళ్ళయింది" అని అడిగితే లాభం లేదు. "దీంతో బంకర్ ప్రాక్టీసు చేశారా" అని అడగండి.

మొదట్లో రెండో ప్రశ్న వేశాను, ఏ బంతి అని. ఇది చాలామంది వదిలేసే విషయం. బంతి పైపొర రెండు రకాలు, యురెథేన్ ఒకటి, అయొనోమర్ ఒకటి. యురెథేన్ మెత్తన, వెడ్జ్ ఫేస్ దాన్ని పట్టుకుంటుంది. అయొనోమర్ గట్టిది, ఎక్కువకాలం మన్నుతుంది, ధర తక్కువ, గ్రీన్ దగ్గర స్పిన్ కూడా తక్కువ. మీరు ఆడేది అయొనోమర్ బంతి అనుకోండి. కొత్త గ్రూవ్‌ల కోసం పెట్టిన డబ్బులో చాలా భాగం మీ చేతికి తిరిగి రాదు. ఆ డబ్బుతో బంతి మార్చండి, వెడ్జ్ పాతదే ఉంచండి, తేడా మీకే కనిపిస్తుంది. ఈ మాట విని ఇంటికి వెళ్ళాక ముందు మీ బంతి పెట్టె మీద ఏముందో చదవండి.

పాత క్లబ్ కోసం నిపుణులే వెతికిన రోజు

ఒక్క ముచ్చట చెప్పి, కొనడం దగ్గరికి వస్తాను. 2010 జనవరి 1 నుంచి పెద్ద పోటీల్లో కొత్త గ్రూవ్ నియమం అమలైంది. అంతకుముందు వాడిన పదునైన అంచుల పెట్టె ఆకారపు గ్రూవ్‌లు ఇక వాడకూడదన్నారు. ఆ నెలలోనే అమెరికా ఆటగాడు ఫిల్ మికెల్‌సన్ కాలిఫోర్నియాలోని టోరీ పైన్స్‌లో జరిగిన పోటీకి పింగ్ ఐ2 వెడ్జ్ పట్టుకొచ్చాడు. 1990 ఏప్రిల్ 1కి ముందు తయారైన పాత క్లబ్ అది! పింగ్ కంపెనీకీ అమెరికా గోల్ఫ్ సంఘానికీ మధ్య 1990లో కుదిరిన ఒప్పందం ప్రకారం అంతకుముందు చేసిన ఐ2 క్లబ్బులు నియమబద్ధమే. ఇరవై ఏళ్ళ పాత వెడ్జ్ కోసం ప్రపంచంలో అందరికంటే బాగా ఆడేవాళ్ళు వెతుక్కున్నారు. చివరికి ఆ మార్చిలో పింగ్ ఆ హక్కును వదులుకోవడంతో సంగతి సద్దుమణిగింది.

ఇది ఎందుకు చెబుతున్నాను? పాత మార్కెట్లో 2010కి ముందు చేసిన వెడ్జ్‌లు ఇంకా కనిపిస్తాయి. వాటితో స్నేహితులతో ఆడుకోవడానికి ఇబ్బంది లేదు. పోటీలకు వెళ్ళేవాళ్ళు మాత్రం జాగ్రత్త. నిర్వాహకులు 2010 గ్రూవ్ నియమాన్ని స్థానిక నియమంగా పెడితే ఆ క్లబ్ చెల్లదు. అంతర్జాతీయ నియమ సంస్థల దగ్గర క్లబ్బుల జాబితా ఉంది, మోడల్ పేరుతో చూసుకోవచ్చు. కొనకముందు చూసుకోండి.

ఇంకో సందేహం కూడా ఉంటుంది, అరిగిన క్లబ్ నియమానికి విరుద్ధమా అని. కానే కాదు. సక్రమంగా తయారైన క్లబ్ మామూలు వాడకంతో అరిగితే అది సక్రమమైన క్లబ్బే.

చేతిలోకి తీసుకుని చూడటం

సరే, పాతది కొందామని నిర్ణయించుకున్నారు. ఎలా చూడాలి? ఈ రెండు వెడ్జ్‌లూ ముందు వరుస నుంచి అందిస్తున్నాను. రెండూ ఒకే మోడల్, 56 డిగ్రీలు. ఒకటి దాదాపు కొత్తది, ఒకటి బాగా వాడినది. నేను చెబుతుంటే మీరు చేస్తూ ఉండండి. చూశాక పక్కవాళ్ళకివ్వండి.

మొదట తడిగుడ్డతో ఫేస్ తుడవండి, మెత్తటి బ్రష్‌తో గ్రూవ్‌లలో మట్టి తీయండి. మట్టి నిండి ఉంటే మంచి గ్రూవ్ కూడా అరిగినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు బొటనవేలి గోరు తీసుకుని ఫేస్ చివర, టో వైపు (కడ్డీకి దూరంగా ఉండే కొన) పైన, గ్రూవ్‌లకు అడ్డంగా నెమ్మదిగా లాగండి. టిక్, టిక్, టిక్ అని ప్రతి గ్రూవ్ దగ్గరా గోరు పట్టుకుంటుంది. అక్కడ బంతి తగలదు కాబట్టి అవి కొత్తగానే ఉంటాయి. అదే గోరుతో మధ్యలో, కింది మూడు నాలుగు గ్రూవ్‌ల మీద లాగండి. రెండో వెడ్జ్ ఎవరి చేతిలో ఉంది? మీరు చెప్పండి, పట్టుకుంటోందా? పట్టుకోవడం లేదు, జారిపోతోంది. అదీ సంగతి. ఒకే క్లబ్ మీద రెండు చోట్లా పోల్చి చూడండి, కొత్త క్లబ్ పక్కన లేకపోయినా ఫరవాలేదు. చిన్న షాట్లన్నీ ఆ కింది గ్రూవ్‌ల మీదే తగులుతాయి, అందుకే అవి ముఖ్యం.

ఇప్పుడు ఫోన్ లైటు వేసి పక్కనుంచి పట్టుకోండి, పైనుంచి కాదు, పక్కనుంచి. ఫేస్ మధ్యలో, కాస్త మడమవైపు, నాణెం అంత మేర నున్నగా మెరుస్తున్న మచ్చ కనిపిస్తుంది. గ్రూవ్‌ల మధ్య గరుకు అక్కడ పూర్తిగా పోయింది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఈ ఫోటోనే అడగండి. ఎదురుగా వెలుగులో తీసిన ఫోటోలో ప్రతి వెడ్జ్ బాగానే ఉంటుంది.

తుప్పు చూసి భయపడకండి. పూత లేని రా ఫినిష్ వెడ్జ్‌లు తుప్పు పట్టడానికే ఉన్నాయి, చాలామంది ఎండలో మెరవకుండా ఉంటుందని కావాలనే కొంటారు. పైపైన ఉన్న తుప్పు వేరు, అరుగుదల వేరు. తుప్పు పట్టినా గోరుకు పట్టు దొరికితే ఆ వెడ్జ్ మంచిదే. షాఫ్ట్, అంటే క్లబ్ కడ్డీ, మీద తుప్పు మాత్రం వేరే సంగతి. స్టీల్ షాఫ్ట్ మీద పొక్కులు లేచి గుంటలు పడితే వదిలేయండి.

అసలు భయపడాల్సింది మరీ కొత్తగా కనిపించే పాత వెడ్జ్‌ని చూసి. మెరుగుపెట్టి మళ్ళీ పూత వేసినవి ఉంటాయి. సోల్ మీద గీతలుండవు, అద్దంలా ఉంటుంది. ఆ మెరుగు పెట్టేటప్పుడు గ్రూవ్ అంచూ పోతుంది, సోల్ ఆకారమూ మారుతుంది. అలాగే పనిముట్టుతో గ్రూవ్‌లను మళ్ళీ గీసినవి. గ్రూవ్‌లు ఒకదానికొకటి వెడల్పులో తేడాగా, అంచులు చిరిగినట్టుగా ఉంటాయి. చేత్తో గీసిన గ్రూవ్ నియమం దాటిపోవడం చాలా తేలిక, అప్పుడది పోటీలో చెల్లదు. అరగడం తప్పు కాదు, గీయడం తప్పవుతుంది.

ఇప్పుడు మళ్ళీ తిరగేయండి. సోల్ మీద గీతలు మామూలే. ముందు అంచు, లీడింగ్ ఎడ్జ్, దాన్ని కంటికి ఎదురుగా పెట్టి చూడండి. మధ్యలో చదునుగా అరిగిపోయిందా? రాళ్ళకు తగిలి నొక్కులు పడ్డాయా? లోతుగా అరిగితే మీరు 10 అనుకున్న బౌన్స్ ఇప్పుడు 10 కాదు.

ఇంకో మార్పు కంటికి కనిపించదు. ముందరి యజమాని లాఫ్ట్ వంచి ఉండొచ్చు. కార్బన్ స్టీల్ వెడ్జ్‌ను ఒకటి రెండు డిగ్రీలు వంచడం మామూలు. లాఫ్ట్ ఒక డిగ్రీ తగ్గిస్తే బౌన్స్ కూడా ఒక డిగ్రీ తగ్గుతుంది. 56, 10 అని రాసి ఉన్నదాన్ని 54కి వంచితే అది 8 డిగ్రీల బౌన్స్ వెడ్జ్. మీరు ఎంతో ఆలోచించి ఎంచుకున్న సోల్ మీ చేతికి వచ్చేసరికి మరోటి. కాబట్టి కొన్న వెంటనే లాఫ్ట్, లై (కడ్డీ నేలతో చేసే కోణం) కొలిచే యంత్రం ఉన్నచోటికి తీసుకెళ్ళి కొలిపించండి. ఐదు నిమిషాల పని. దయచేసి ఇది మాత్రం మానకండి. పొడవు కూడా చూడండి, శాండ్ వెడ్జ్ సాధారణంగా 35 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. గ్రిప్ గురించి బెంగ వద్దు, మార్చేయొచ్చు.

నకిలీల గురించి ఒక్క ముక్క. పేరున్న మోడళ్ళకు నకిలీలు ఉన్నాయి. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకోండి. వోకీ వెడ్జ్‌లు 8620 కార్బన్ స్టీల్‌వి, అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. జింక్ మిశ్రమంతో పోత పోసిన చవక హెడ్‌కు అంటుకోదు. అంటుకున్నంత మాత్రాన అసలుదని అర్థం కాదు, అంటుకోకపోతే మాత్రం నమ్మకండి.

ఏ వెడ్జ్ ఎలా కొనాలి

ఇంతసేపూ వెడ్జ్ వెడ్జ్ అంటున్నాను, అన్నీ ఒకటేనా? కావు. పిచింగ్ వెడ్జ్ మీ ఐరన్ల సెట్‌తోనే వస్తుంది, దాన్ని విడిగా కొనే పని సాధారణంగా రాదు. కానీ దాని లాఫ్ట్ ఎంతో తెలుసుకోండి. పాత సెట్లలో 48 దగ్గర ఉండేది, ఇప్పటి సెట్లలో 43, 44 కూడా ఉంటున్నాయి. అక్కడి నుంచి నాలుగు నుంచి ఆరు డిగ్రీల దూరంలో తర్వాతిది ఉండాలి. ఇది లెక్క వేసుకోకుండా సెకండ్ హ్యాండ్‌లో దొరికింది కదా అని 56 కొంటే మధ్యలో పెద్ద ఖాళీ మిగులుతుంది.

గ్యాప్ వెడ్జ్, 50, 52 డిగ్రీలది, నిశ్చింతగా సెకండ్ హ్యాండ్ కొనండి. దాంతో ఎక్కువగా పూర్తి షాట్లే కొడతారు, బంకర్‌లోకి అరుదుగా దిగుతుంది. అందుకే పాత మార్కెట్లో అన్నిటికంటే మంచి ఫేస్‌లు గ్యాప్ వెడ్జ్‌లవే.

శాండ్ వెడ్జ్, 54, 56, ఇక్కడ ఆలోచించాలి. సోల్ ఏదో తెలియకపోతే పాతది. సోల్ తేలిపోయి, యురెథేన్ బంతితో ఆడుతూ, గ్రీన్ చుట్టూ దీని మీదే ఆధారపడుతుంటే కొత్తది. ఇది మీ ఆటలో ఎక్కువ పని చేసే వెడ్జ్, దీనికి డబ్బు పెట్టడం దండగ కాదు.

లాబ్ వెడ్జ్, 58, 60. దీన్ని పాతది కొనడానికి నేను వెనకాడతాను. దీన్ని కొనేవాళ్ళు ప్రాక్టీసు ఎక్కువ చేసేవాళ్ళు, బంకర్‌లో ఎక్కువ వాడేవాళ్ళు, కాబట్టి మార్కెట్లోకి వచ్చేసరికి ఫేస్ బోడిగా ఉంటుంది. పైగా దీని పనే తక్కువ దూరంలో స్పిన్‌తో ఆపడం. అవసరమైతే కొత్తది కొనండి. అవసరమా అని కూడా నిజాయితీగా ఆలోచించండి. 56తోనే ఫేస్ తెరిచి కొట్టగలిగితే చాలామందికి అది చాలు.

మధ్యే మార్గం ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. నిరుటి మోడల్, పెట్టె విప్పనిది. వెడ్జ్‌లకు కొత్త మోడల్ సుమారు రెండేళ్ళకోసారి వస్తుంది. వోకీ తీసుకుంటే ఎస్ఎం8 2020లో, ఎస్ఎం9 2022లో, ఎస్ఎం10 2024లో వచ్చాయి. కొత్తది రాగానే దుకాణంలో మిగిలిన పాత మోడల్ ధర పడిపోతుంది. గ్రూవ్ కొలతలకు నియమం హద్దు గీసేసింది కాబట్టి ఒక తరానికీ ఇంకో తరానికీ ఫేస్ విషయంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండదు. మీ సోల్ ఏదో తెలిసినవాళ్ళు ఆ అదను కోసం కాచుకుని ఉండండి. తెలియనివాళ్ళకు మాత్రం ఇదీ జూదమే.

ఇక ప్రశ్నలు తీసుకుందాం. ఎడమచేతి వాళ్ళ సంగతేమిటని అడుగుతున్నారు. మీకు పాతవి తక్కువ దొరుకుతాయి, నిజం. కావలసిన లాఫ్ట్, బౌన్స్ రెండూ కలిసి దొరకాలంటే ఇంకా కష్టం. దొరికింది కదా అని నప్పని బౌన్స్‌కు సర్దుకుపోకండి. మీ విషయంలో నిరుటి మోడల్ మార్గమే మేలు.

మూడు వెడ్జ్‌లూ ఒకేసారి ఒకే మోడల్‌లో కొనాలా అని ఇంకొకరు. అక్కర్లేదండీ. అవి ఒకే వేగంతో అరగవు. శాండ్ వెడ్జ్ రెండుసార్లు మార్చేలోపు గ్యాప్ వెడ్జ్ ఒకటే నడుస్తుంది. షాఫ్ట్ బరువు మాత్రం దగ్గరగా ఉండేలా చూసుకోండి, చేతికి తేడా తెలుస్తుంది.

చివరగా అక్కడ ఆవిడ, చెప్పండమ్మా. కొత్తది కొన్నాక పాత శాండ్ వెడ్జ్ అమ్మేయాలా? అమ్మకండి. మంచి ప్రశ్న అడిగారు. గ్రీన్ పక్క బంకర్ షాట్‌లో ఫేస్ బంతికి నేరుగా తగలదు, మధ్యలో ఇసుక ఉంటుంది, అక్కడ పని అంతా సోల్‌ది. కాబట్టి బంకర్ ప్రాక్టీసంతా ఆ పాతదానితో చేయండి. కొత్తదాని సోల్, లాఫ్ట్ పాతదానితో సరిపోయేలా కొంటే చేతికి అలవాటు తప్పదు. కొత్త ఫేస్‌ను ఆట రోజుకు దాచుకోండి. ఆడేటప్పుడు పాతదాన్ని బ్యాగులోంచి తీసి కారులో పెట్టడం మర్చిపోకండి, పదిహేనోది అయిందంటే పెనాల్టీ పడుతుంది. ఆ రెండు వెడ్జ్‌లూ వెనక వరుస దాకా వెళ్ళాయా? ఇంకా చూడనివాళ్ళు ఇక్కడికి రండి, లైటు వేసి చూపిస్తాను.